ఎర్రిస్వామి మ్యాపు

నమోదు 1. గురువారం

మా దేవుడు కుళ్లాయిస్వామిని తలచుకుని రాస్తున్నాను. మాతో పదేళ్ళు మందుల బండి నడిపి చనిపోయిన ఎర్రిస్వామి పెద్దదినం ఈ రోజు. భోజనాలు అయ్యాక ఆయన భార్య తిప్పమ్మ కారు తాళంచెవి కొంగున ముడి వేసుకుని షెడ్డుకు వచ్చింది. తిన్నగా ఆయన ఎర్ర కారు దగ్గరికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"కుళ్లాయక్కా, ఈయప్ప మ్యాపు తుడిచేస్తావా?"

తుడవడమే మా పద్ధతి. ఈ కార్లలో యాక్సిలరేటర్ కింద తీగ ఉండదు. కాలు అడుగుతుంది, ఇంజిన్ కంప్యూటర్ ఇస్తుంది. టర్బో ఎంత గాలి ఊదాలి, దానికి ఎంత ఇంధనం కలవాలి అన్నది మ్యాపులో గళ్ళు గళ్ళుగా ఉంటుంది. కంపెనీ వాళ్ళు ఆ గళ్ళు పెట్రోలుకు, చల్లటి రోడ్లకు రాశారు. మన జొన్న స్పిరిట్‌కూ ఈ ఎండకూ సరిపోయేట్టు నేను మళ్ళీ రాస్తాను. ఆ రాతపైన ఇంకో పొర పేరుకుంటుంది. నడిపేవాళ్ళ కాలును చూసి చూసి బండి తానుగా పట్టుకున్న అలవాటు అది. మేము దాన్ని నేర్పు అంటాం. బండికి కాలు మారితే నేర్పు తుడిచి ఇవ్వాలి.

ఆ మాటే తిప్పమ్మకు మెల్లగా చెప్పాను.

"తుడిస్తే ఆయప్పను రెండోతూరి పూడ్చినట్లు కాదా?" అంది.

లైను పెద్ద గాదిలింగప్ప కడ్డీ ఊతంతో అక్కడే నిలబడి ఉన్నాడు. ఏ బండి ఎప్పుడు బయలుదేరాలో చెప్పేది ఆయనే. "పదేండ్లు ఎర్రగాలికి దొరకనోడప్పా. అట్లాటి కాలు ఇంగ యాడ దొరుకుతాది? తుడిచేదేందో, నాలుగు బండ్లకూ ఎక్కించు. ఊరుకంతా వాడే నడిపినట్లుంటాది" అన్నాడు.

ఎర్రమన్ను లేపుకుంటూ పడమటి నుంచి వచ్చే ఆ వేడిగాలి మాకందరికీ తెలిసిందే. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అవునన్నారు. నాకూ మంచిదే అనిపించింది. చనిపోయినవాడి ధైర్యం నలుగురికి పంచితే పుణ్యమే కదా అనుకున్నాను. ఎర్ర కారుకు కేబుల్ తగిలించి, నేర్పుతో సహా మ్యాపు తీసి, మిగతా నాలుగు బళ్ళకూ ఎక్కించాను.

తరవాత చక్కెర చదివింపు, అంటే స్వామికి చక్కెర పెట్టి చేసే ప్రార్థన. మ్యాపు మార్చిన ప్రతిసారీ చేస్తాం. నేను తలమీద కొంగు కప్పుకుని రెండు అరచేతులూ పైకి చాపాక షెడ్డులో ఏ ఇంజినూ తిరగకూడదు. మా చెల్లెలి కూతురు వన్నూరమ్మ తల్లి పోయిన దగ్గర్నుంచీ ఈ షెడ్డులోనే నా దగ్గర పెరిగింది. ఇప్పుడు మూడో బండి నడుపుతుంది. చదివింపు అయ్యాక నోట్లో చక్కెర వేసుకుంటూ, "పెద్దమ్మా, నీ చేతులు లేస్తే నా చెయ్యి దానంతట అదే తాళం మీదికి పోతాది. నిన్న నువ్వు బట్టలు ఆరేస్తాంటే గూడా బండి ఆపేస్తి" అంది.

అందరూ నవ్వారు. తిప్పమ్మ కూడా కొంచెం నవ్వింది.

నమోదు 2. సోమవారం

బళ్ళు చాలా చురుగ్గా ఉన్నాయి. బండి కదలకుండా చక్రాలు మాత్రం తిరిగే రోలర్ల మీద పెట్టి చూశాను. ఇంజిన్ కొట్టుకోవడం లేదు, వేడి అదుపులోనే ఉంది. కోటకు పోయి మందులు తెచ్చే బండి ఇదివరకు గాలికీ గాలికీ మధ్య ఒక్క పరుగే చేసేది. ఇప్పుడు రెండు చేస్తోంది. ఊళ్ళో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ ఇన్సులిన్ అంతా ఈ బళ్ళ మీదే వస్తుంది. బ్యాటరీ బళ్ళు ఈ ఎండకు ఉబ్బి కాలిపోతాయి. లారీలను గాలి పడదోస్తుంది. బెంగుళూరు శ్రీమంతులు ఒకప్పుడు సరదాకు కొనుక్కున్న ఈ రెండు సీట్ల కార్లే నేలను కరుచుకుని పోగలవు.

పోయిన వారం గాలికి కోట దారిలో పెన్న వంతెన నడుమ కూలింది. రెండు వరసలు దూలాలు పరిచారు. చక్రం వెడల్పుకు జానెడు ఎక్కువ, అంతే. కింద ఎండిన ఏరు, బండలు. దూలాలపైన బండిని నడక కన్నా మెల్లగా పోనివ్వాలి.

"కాలు ఊరికే ఆనించాల పెద్దమ్మా, నొక్కకూడదు. గుడ్డు మీద కాలు పెట్టినట్లు" అని వన్నూరమ్మ అరికాలితో నేలమీద చూపించింది. నేను స్వామికి దండం పెట్టుకున్నాను.

నమోదు 3. శుక్రవారం

ఈ రోజు వన్నూరమ్మ కోట నుంచి వచ్చి బండి దిగకుండా కూర్చుంది. గాజు దించి నన్ను పిలిచింది.

"పెద్దమ్మా, బండి నాకన్నా ముందే ఉరికింది."

"ఉరికిందంటే?"

"మిట్ట ఎక్కినాక పడమట ఎర్రగా లేస్తాంటే చూస్తాండా. నా కాలు ఇంగా పైనే ఉండాది. అంతలోనే బుస్సుమని ఎత్తుకుంది. సీటుకు అతుక్కపోయినా."

గాదిలింగప్ప బానెట్ తట్టాడు. "ఎర్రిస్వామి మే! గాలిని చూసి నువ్వు గుడ్లు మిటకరిస్తాంటే ఆయప్పే వచ్చి నొక్కినాడు."

"నొక్కితే నొక్కినాడు గానీ మామా, బ్రేకు గూడా ఆయప్పనే వేసుకోమను" అంది వన్నూరమ్మ. మాట నవ్వులాటదే. స్టీరింగ్ మీద చేతులు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

మాట ఊరంతా పాకింది. బండికి పూనకం వచ్చిందన్నారు. ఆడవాళ్ళు వచ్చి టైర్లకు పసుపు పూశారు, టెంకాయలు కొట్టారు. ఎవరో బానెట్ మీద ఎర్రిస్వామి ఫొటో అంటించారు. తిప్పమ్మ దూరంగా నిలబడి చూసింది, దగ్గరికి రాలేదు.

జనం పోయాక బండిని రోలర్ల మీదికి ఎక్కించి గొలుసులు వేశాను. నిదానంగా నడిపాను, వేగంగా నడిపాను. చెప్పినట్టు విన్నది. తప్పు ఎక్కడా కనబడలేదు. కనబడి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. పూనకం వచ్చిన మనిషి ముందర నిమ్మకాయ పెట్టి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడగవచ్చు. దీన్ని ఎలా అడగాలి?

రేపు బండి పంపవద్దని గాదిలింగప్పకు చెప్పాను.

"రోలర్ మీద బాగుండాది గదమ్మా. ఇన్సులిన్ డబ్బాలో అడుగు కనపడతాండాది. కారణం ఏందో చెప్పు, ఆపుతా" అన్నాడు.

నేను గొలుసులు విప్పి బండిని రోలర్ల మీంచి దించాను.

నమోదు 4. శనివారం, పొద్దున

వన్నూరమ్మ వెళ్ళిపోయింది. చదివింపు చేసి పంపాను. ఆమె పోయాక మనసు నిలవక, అదే మ్యాపు ఉన్న మొదటి బండిని రోలర్ల మీద పెట్టి ఇంజిన్ ఊరికే తిరగనిచ్చాను. కారులో ఎవరూ లేరు. నేను లాప్‌టాప్ ముందర ఉన్నాను. ఇవాళ గాలి లేవదని అందరూ అనుకున్నారు.

గోడ మీద గాలి ఒత్తిడి చూపే ముల్లు ఉంది. అది కొద్దిగా కిందికి జారింది. పడమటి తలుపు సందులోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ తగిలింది.

ఖాళీ కారు ఒక్కసారిగా అరిచింది.

అంత చప్పుడు నేను ఈ షెడ్డులో ఎప్పుడూ వినలేదు. టర్బో ఈల వేస్తున్నట్టు పైకి పైకి పోయింది. గొలుసులు బిగిసి కీచుమన్నాయి, కారు వెనక భాగం అటూ ఇటూ గుంజుకుంది. కుడివైపు కొక్కెం నేలలోంచి ఊడి గోడకు కొట్టుకుంది. డ్రైవరు సీటు ఖాళీగానే ఉంది. యాక్సిలరేటర్ పైకే ఉంది. నేను స్వామీ స్వామీ అంటూ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను.

చప్పుడు ఆగింది.

తెరమీద నేర్పు పొర తెరిచాను. గాలి పలచబడి, వేడెక్కినప్పటి గళ్ళు చూశాను. ఆ వరస వరసంతా అంచు దాకా నిండి ఉంది, అంటే కాలు నేలకంటా నొక్కినట్టు లెక్క. కాలు సగం నొక్కినప్పుడూ నిండే ఉంది, కాలు అసలే పెట్టనప్పుడూ నిండే ఉంది.

పదేళ్ళూ ఎర్రగాలి వాసన తగిలిన ప్రతిసారీ ఎర్రిస్వామి కాలు నేలకు అంటిందన్నమాట. బండి అది నేర్చుకుని, ఆయన అడగకముందే ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన కాలు ఎలాగూ కిందే ఉండేది కాబట్టి ఆయనకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. ధైర్యం ఉన్నవాడు ఎదురుగా ఏముందో చూసి కాలు పెడతాడు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు. నేను పుట్టు పిరికిదాన్ని. ఉరిమితే చెవులు మూసుకుని పరుగెత్తేదాన్ని. అందుకే గుర్తుపట్టాను. నేను నాలుగు బళ్ళకు పంచింది ఆ మనిషి ధైర్యం కాదు, ఆయన భయం.

ఈ గాలి తూర్పుకు, వంతెన వైపు పోతోంది. వన్నూరమ్మ కోట నుంచి ఈపాటికి తిరుగుముఖం పట్టి ఉంటుంది. దూలాల మీద ఉండగా ఈ సెగ తగిలితే బండి ఎగురుతుంది. బ్రేకు తొక్కేలోపు రెండు బారలు పోతుంది. అక్కడ ఉన్నది జానెడు.

నమోదు 5. శనివారమే. తిరిగి వచ్చాక రాస్తున్నాను

గాదిలింగప్ప రేడియో పట్టుకుని వన్నూరమ్మా, వన్నూరమ్మా అని అరిచాడు. ఎర్రగాలి లేస్తే అది గరగర తప్ప పలకదు. మొదటి బండి గొలుసుల్లో ఇరుక్కుంది, మిగతా రెండు బళ్ళూ బానెట్లు విప్పి ఉన్నాయి. బయలుదేరగలిగేది ఎర్రిస్వామి కారు ఒక్కటే. నడిపేవాళ్ళను ఊళ్ళోంచి పిలిపించే వ్యవధి లేదు. గాదిలింగప్పకు మోకాలు వంగదు, ఆ కింది సీట్లోకి దిగలేడు.

"నేను పోతా" అన్నాను. నేను షెడ్డు ఆవరణ దాటి బండి నడిపినదాన్ని కాదు.

"దాంట్లో గూడా అదే ఉండాది గదమ్మా. తుడిచి పో!"

"తుడిచి మళ్ళీ సర్దాలంటే పూట పడుతుందన్నా. తుడిచిన బండి గాలికన్నా ముందు పోలేదు."

ఖాళీ కారు అరుపు విని పరుగెత్తుకొచ్చిన తిప్పమ్మ కొంగు ముడి విప్పింది. తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా తానే పోయి పక్క సీట్లో కూర్చుని తాళం పెట్టింది. "నువ్వు స్టీరింగ్ పట్టుకో అక్కా. ఆపమన్నప్పుడు నేను ఆపుతా" అంది.

మిట్ట దిగేదాకా నా కాలే నడిపింది. తరవాత వెనక అద్దం ఎర్రబడింది. ఇంజిన్ అరిచింది, నా తల సీటుకు కొట్టుకుంది. నేను కాలు తీసేశాను. తీసినా బండి ఆగలేదు. రోడ్డు మా కిందికి దూసుకొస్తోంది. నేను చెయ్యగలిగింది స్టీరింగ్ నిలబెట్టడం ఒక్కటే. స్వామి పేరు సగం సగమే నోట్లోంచి వస్తోంది.

తిప్పమ్మ తాళం మీద చెయ్యి ఉంచి ముందుకే చూస్తోంది. చప్పుడుకు మించి గట్టిగా అంది: "ఆయప్పకు భయమని నాకు తెలుసు లే అక్కా."

నేను ఒక గుంతను తప్పించి స్టీరింగ్ నిలబెట్టాను.

"పరుగు పోయొచ్చిన దినం నా చెయ్యి ఇడ్సకుండా పట్టుకుని పండేటోడు. తలుపు కొట్టుకున్యా లేచి కూచ్చునేటోడు. ఎవురికీ చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్యాడు. మొగోల్లంతా నన్ను చూసి బండెక్కుతాండారు, నాకు భయమంటే వాల్లు ఎక్కరు అనేటోడు."

"మరి ఆ మ్యాపు అందరికీ ఎక్కిస్తుంటే చెప్పలేదే..."

"అది గూడా దాంట్లో ఉంటాదని నాకేం తెలుసక్కా!"

వంతెనకు ముందు పాత టోల్ గేటు స్తంభాలు ఉన్నాయి. అవి కనబడగానే "ఆపు" అన్నాను. తిప్పమ్మ తాళం తిప్పింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. ఇద్దరం నాలుగు చేతులతో పట్టుకున్నాం. నేను లేచి నిలబడ్డట్టుగా బ్రేకు తొక్కాను. బండి గుట్టలా పోసిన ఇసుకలోకి జారి ఆగింది.

నేను వంతెన మీదికి పరుగెత్తాను.

అవతలి నుంచి రెండు హెడ్‌లైట్లు వస్తున్నాయి. అప్పటికే దూలాల నడుమ ఉన్నాయి. వన్నూరమ్మ గుడ్డు మీద కాలు పెట్టినట్టే వస్తోంది. నన్ను చూసి హారన్ కొట్టినట్టుంది, నాకు వినబడలేదు. నా వెనక గాలి మోత వచ్చేసింది. ఆపు ఆపు అని అరిచాను. నా గొంతు నాకే చేరలేదు. చెయ్యి ఊపితే రమ్మన్నాననుకుని వేగం పెంచుతుందేమో! వెనక్కి పొమ్మన్నట్టు చూపితే దూలాల మీద వెనక్కి తీస్తుందేమో! వీపుకు పొయ్యి సెగ తగిలింది. ఇంక రెండు మూడు ఊపిరులు, అంతే.

కొంగు తలమీదికి లాక్కున్నాను. రోడ్డు నడుమ నిలబడి రెండు అరచేతులూ పైకి చాపాను.

ఎలా ప్రార్థించాలో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. చేతులు మాత్రం చాపి ఉంచాను. కళ్ళు మూసుకోవలసింది, మూసుకోలేదు.

రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి.

దీపం ఆరితే అశుభమని నా జన్మంతా ప్రమిదకు చెయ్యి అడ్డం పెట్టినదాన్ని. ఇవాళ దీపాలు ఆరినందుకు స్వామికి దండం పెట్టాను.

వెంటనే గాలి వచ్చి పడింది. నేను రెయిలింగ్ మొదలు వాటేసుకుని కూలబడ్డాను. నోట్లో మన్ను, చెవుల్లో మన్ను. కళ్ళు తెరిచినప్పుడల్లా ఎర్రటి చీకట్లో ఆ కారు నల్లగా కనబడింది. ఊగుతోంది. కానీ నిశ్శబ్దంగా ఉన్నచోటే ఉంది. గాలి ఎంతసేపు ఉందో నేను చెప్పలేను.

తగ్గాక తిప్పమ్మా నేనూ దూలాల మీద పాకుతూ పోయాం. వన్నూరమ్మ తలుపు తెరిచింది. ముందు చక్రం దూలం అంచుకు వచ్చి ఉంది. మొహమంతా మన్ను, కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"పెద్దమ్మా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఈడ చదివింపు ఏంది?"

"ఎందుకు ఆపావమ్మా?" అన్నాను.

"ఏమో. నువ్వు చేతులెత్తితివి. ఆపితిని" అంది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

తాళం తాకకుండా ముగ్గురం బండిని అంగుళం అంగుళం తోసుకుంటూ ఇవతలికి తెచ్చాం. ఇన్సులిన్ పెట్టెలో మంచుగడ్డ ఇంకా కరగలేదు.

నమోదు 6. గురువారం

నాలుగు బళ్ళ నేర్పూ తుడిచేశాను. గాదిలింగప్ప ఫొటో తనే ఊడదీసి, పసుపు కడిగించాడు. ఎర్రిస్వామి భయపడ్డాడని నేను ఎవరికీ చెప్పలేదు. చచ్చినవాడి కాలు బతికినవాళ్ళకు సరిపడదని మాత్రం చెప్పాను. గాదిలింగప్ప తల ఊపి, "నేను గూడా పరుగులు మానింది మోకాలికి కాదు లేమ్మా" అని, కడ్డీ ఊతంతో బయటికి వెళ్ళిపోయాడు.

ఎర్ర కారు దగ్గర నా చెయ్యి ఆగింది. తిప్పమ్మ వైపు చూశాను. ఇది ఒక్కటీ ఉంచుకుంటానంటే ఉంచుదామనుకున్నాను.

"దీన్ని గూడా తుడువు అక్కా" అంది. "పదేండ్లు భయపడ్న్యాడు. ఇంగ చాలు."

తెరమీద గళ్ళు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. చదివింపుకు చక్కెర తనే తెచ్చింది.

నమోదు 7. మంగళవారం

తుడిచిన బండితో వన్నూరమ్మ ఈ రోజు మొదటిసారి కోటకు పోయి వచ్చింది. దారిలో చిన్న గాలి తగిలిందట. తప్పించుకుని వచ్చానని నవ్వుతూ చెప్పింది. నేను కేబుల్ తగిలించి నేర్పు పొర తెరిచాను.

అంతా తెలుపే. పలచటి వేడిగాలి వరసలో మాత్రం ఒక గడి కొద్దిగా నిండి ఉంది.

"గాలి లేసినప్పుడు భయమేసిందా?" అని అడిగాను.

"ల్యా. నాకేం భయం" అంది వెంటనే. ఆ గొంతు నాకు తెలిసిన గొంతే. పదేళ్ళు ఈ షెడ్డులో ఎర్రిస్వామి కూడా అలాగే అనేవాడు.

నేను లాప్‌టాప్ మూశాను. తుడవడం ఎంతసేపు! రేపు మళ్ళీ నిండుతుంది. బయట పడమటి ఆకాశం మామూలుగానే ఉంది. అయినా నేను దాన్ని రెండుసార్లు చూశాను.

"నాకు వేసింది" అన్నాను. "నువ్వు పోయినప్పటి నుంచి ఆ ముల్లు కిందే కూర్చున్నాను. అన్నం కూడా తినలేదు. ఇప్పటికీ చేతులు చల్లగానే ఉన్నాయి, చూడు."

వన్నూరమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. చాలాసేపు వదల్లేదు.

"నాకూ వేసింది పెద్దమ్మా" అంది. "శానా."

అప్పుడు లాప్‌టాప్ తెరిచి ఆ గడి తుడిచాను.